‘హోవర్డ్ లెక్క కరెక్టే, టైమే బాగోలేదు’ అనేవాళ్ళకి

‘అన్‌కట్ జెమ్స్’ (2019) సినిమా గురించి ఎప్పుడు మాటొచ్చినా ఒక వాదన తప్పకుండా వస్తుంది. న్యూయార్క్‌లో నగల షాపు నడిపే హోవర్డ్ చివరి పందెం గెలిచాడు కదా, అప్పు వసూలుకొచ్చిన ఆ ఫిల్ గాడు కాల్చకపోతే పన్నెండు లక్షల డాలర్లతో సెటిలైపోయేవాడు, కాబట్టి ఇది దురదృష్టం కథే తప్ప జూదం కథ కాదు అని. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, క్లైమాక్స్ చెప్పకుండా దీనికి జవాబివ్వలేను.

ముందు ఆ ‘లెక్క’ సంగతి. అతను పందెం కాసిన మ్యాచ్ నిజంగా జరిగిందే. 2012 మే నెలలో బాస్కెట్‌బాల్ జట్టు సెల్టిక్స్ 85-75తో సిక్సర్స్‌ని ఓడించింది, ఆ జట్టు ఆటగాడు కెవిన్ గార్నెట్ (సినిమాలో తన పాత్ర తనే వేశాడు) 18 పాయింట్లు, 13 రీబౌండ్లు (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని అందుకోవడం) చేశాడు. డైరెక్టర్లు సాఫ్డీ సోదరులు ఆ స్కోరు ముందు పెట్టుకుని హోవర్డ్ చేత పందెం వేయించారు. జవాబు చూసి ప్రశ్న రాసినట్టన్నమాట. ఇందులో హోవర్డ్ తెలివేముంది? పైగా అది మూడు విడి పందేలు కలిపి కట్టిన పందెం, మూడూ తగలాలి, ఒక్కటి తప్పినా మొత్తం సున్నా. ఒక్కొక్కటీ బొమ్మా బొరుసే అనుకుని ఉజ్జాయింపుగా చూసినా ఎనిమిదిసార్లు ఆడితే ఒకసారి తగిలే వ్యవహారం. (ఇంకో తమాషా ఏంటంటే, ఆ పందెం కాసిన క్యాసినో ఉన్నది కనెటికట్‌లో. అక్కడ బాస్కెట్‌బాల్ మీద పందేలకు చట్టం ఒప్పుకుంది 2021లో. అంటే 2012లో ఆ కౌంటరే లేదు!)

‘అంతకుముందు ఉంగరం తాకట్టుపెట్టి కాసిన పందెం కూడా తగిలింది, అప్పిచ్చిన అర్నో ఆపాడు కాబట్టి డబ్బు రాలేదు’ అంటారు. ఎవరి ఉంగరం అది? హోవర్డ్ దగ్గరున్న నల్ల ఒపల్ రాయిని చూసుకోడానికి తీసుకెళ్తూ గార్నెట్ నమ్మకంగా వదిలి వెళ్ళిన ఛాంపియన్‌షిప్ ఉంగరం. ఆయన అలా వెళ్ళగానే ఇతను దాన్ని తాకట్టు కొట్లో పెట్టేశాడు. అంత చక్కగా లెక్క కుదిరే మనిషికి లక్ష డాలర్ల అప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఈ వాదన చేసేవాళ్ళు చెప్పాలి.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ‘సెటిలైపోయేవాడు’ అన్న మాట. ఆ సీన్ మళ్ళీ చూడండి. గార్నెట్ రాయి కొని 1,65,000 డాలర్లు నగదుగా ఇచ్చాడు. బాకీ లక్ష. అప్పిచ్చిన అర్నో, బయటివాడు కూడా కాదు, బంధువే, అదే షాపులో మనుషుల్ని వెంటేసుకుని కూర్చునున్నాడు. నాలుగడుగులు వేసి చేతిలో పెడితే సరిపోయేది, ఇంకా 65 వేలు మిగిలేవి కూడా. కానీ హోవర్డ్ ఏం చేశాడు, ఆ సంచిని కిటికీలోంచి ప్రియురాలు జూలియాకి అందించి, హెలికాప్టర్‌లో క్యాసినోకి పంపించాడు. అతని చేతిలో పడ్డ డబ్బు ఎప్పుడూ డబ్బులా ఉండదు, వెంటనే తర్వాతి పందెం అయిపోతుంది. మన ధర్మరాజు సంగతి తెలిసిందేగా, మొదటి జూదంలో పోయిందంతా ధృతరాష్ట్రుడు తిరిగిచ్చేసినా, మళ్ళీ పిలుపు రాగానే వెళ్ళి పాచికల ముందు కూర్చున్నాడు.

ఇక దురదృష్టం. ఫిల్ ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు. డబ్బు వెళ్ళిపోయిందని తెలిసి అడ్డుపడబోతే, హోవర్డ్ అర్నోనీ, ఫిల్‌తో సహా అతని మనుషులిద్దర్నీ రెండు తలుపుల మధ్య ఇరుకు గదిలో బంధించి, మ్యాచ్ అయ్యేదాకా వాళ్ళు అద్దం వెనక చెమటలు కక్కుతుంటే, ఇటు టీవీ చూస్తూ గంతులేశాడు. గెలిచాక వాళ్ళు కూడా తనతో పాటు సంతోషపడతారనుకుని తలుపు తీశాడు! తుపాకీ పేలేసరికి మొహం మీద ఆ నవ్వు అలాగే ఉంది. బాగుపడే మనిషైతే ఆ సంచి కిటికీ దాటేది కాదు, అర్నో ఒళ్ళో పడేది.