హిచ్ రిసీవరు కింది స్టిక్కరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్టిక్కరు గారి సముఖమునకు,

అమెరికాలో పికప్ ట్రక్కు కొని, వెనక ట్రావెల్ ట్రైలర్ తగిలించి పిల్లాపాపలతో ఊళ్లు తిరగాలనుకునే తెలుగువాళ్లం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు బంపరు కింద, ట్రైలర్ తగిలించే ఇనప చట్రం (హిచ్ రిసీవరు) మీద, బురదలో కాపురం పెట్టారు. నేల మీద పడుకుంటే గానీ దర్శనం లేదు. ప్రకటనలోని "11,000 పౌండ్లు లాగుతుంది" మాత్రం గోడంత అక్షరాల్లో ఉంటుంది. చాలా హాఫ్-టన్ (ఫుల్‌సైజుల్లో తేలికరకం) ట్రక్కుల్లో తమరి మొదటి వరస చెప్పేది వేరు: మామూలు బాల్ (ట్రైలర్ మూతి కూర్చునే ఇనప గుండు) మీదైతే ట్రైలర్ 5,000 పౌండ్లు, టంగ్ వెయిట్ (ట్రైలర్ ముందు కొస ఆ బాల్ మీద మోపే బరువు) 500, అంతే. పై అంకె కావాలంటే రెండో వరసకు, అంటే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌కు (ఆ బరువును ముందు చక్రాలకూ ట్రైలర్ చక్రాలకూ పంచే హిచ్‌కు) రావాలి. ప్రకటన అరచేతిలో వైకుంఠం చూపిస్తే, తాళంచెవి తమరి దగ్గర!

డీలరు చెప్పే ట్రైలర్ బరువులో నీళ్లుండవు, సామానుండదు. 40 గ్యాలన్ల ట్యాంకు నిండితేనే 330 పౌండ్ల పైమాట. అన్నీ సర్దాక 6,500 తూగిందనుకుందాం. టంగ్ వెయిట్ అందులో 10–15 శాతం. 13 వేసుకున్నా 845. తమరి 500 దాటేసింది, వాదన అక్కడితో సరి.

"వెనక స్ప్రింగుల దగ్గర ఎయిర్ బ్యాగులు (గాలితిత్తులు) వేయించాం, వెనక కుంగడం లేదు" అంటారు కొందరు. కుంగకపోతే చూపుకు బాగుంటుందంతే. వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 145 అంగుళాలు, వెనక యాక్సిల్‌కు బాల్ 65 అంగుళాల దూరం అనుకుంటే, ఆ 845 పౌండ్లు ముందు యాక్సిల్ నుంచి 380 దాకా లేపేస్తాయి. స్టీరింగ్ తేలిపోతుంది, ముందు బ్రేకులకు పట్టు తగ్గుతుంది. ఎయిర్ బ్యాగు ఆ బరువును ముందుకు పంపదు; వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌లోని స్ప్రింగ్ బార్లు (స్ప్రింగులా వంగే ఉక్కు కడ్డీలు) పంపుతాయి.

ఆ బార్లను ఎంత బిగించాలో కొలత టేపు చెబుతుంది. చదునైన నేల మీద ముందు వీల్ ఆర్చ్ (చక్రం పైన కమాను) ఎత్తు ఖాళీ ట్రక్కుకు 37 అంగుళాలు, ట్రైలర్ తగిలించాక 38 అయితే, బార్లు వేశాక 37.5కి దిగాలి. చాలా మాన్యువళ్లు ఈ సగం లెక్కే చెబుతాయి. తుదిమాట మీ ట్రక్కు మాన్యువల్‌దే. బార్లు వద్దనే బండ్లూ ఉన్నాయి. 37 కంటే కిందికి లాగితే వెనక టైర్లు తేలికై తడి మలుపులో ట్రక్కు అడ్డం తిరుగుతుంది. 37.5కి దిగకపోతే బార్లను లాగిపట్టే గొలుసుతో కుస్తీ పట్టకుండా వాషరు చేర్చి, బాల్ ఉండే హిచ్ తలను ఇంకాస్త వెనక్కి వంచాలి. బిగించే ముందు టంగ్ జాక్‌తో (ట్రైలర్ ముందు కొసనుండే జాకీతో) ట్రక్కు వెనక భాగాన్ని కూడా లేపితే బార్లు సులువుగా ఎక్కుతాయి, వేళ్లు మిగులుతాయి.

ఇక డ్రైవరు తలుపు పక్కనున్న తమరి బావగారు, పేలోడ్ (ట్రక్కు తన మీద మోయగల బరువు) స్టిక్కరు. ఆయన 1,400 అంటారు. నలుగురు మనుషులు 600, హిచ్ 90, వెనక బియ్యం బస్తా, జనరేటరు, కూలరు 150, టంగ్ 845. మొత్తం 1,685. బార్లు కొంత బరువు ట్రైలర్ చక్రాలకు పంచినా 285 పౌండ్ల లోటు పూడదు. ఇక్కడ కావలసింది హిచ్ కాదు, పెద్ద ట్రక్కో చిన్న ట్రైలరో.

కనుక తమరు దయచేసి బురద వదిలి, డీలరు సంతకాలు పెట్టించే బల్ల మీదకు వేంచేయవలసిందిగా కోరుతున్నాం. చిత్తగించవలెను.

తా.క.: ఫ్రిక్షన్ స్వే బార్ (ట్రైలర్ అటూఇటూ ఊగకుండా రాపిడితో ఆపే కడ్డీ) ఉన్నవాళ్లు రివర్స్ చేసేముందు దాన్ని ఊడదీయాలని కూడా తమరి మీద ఒక ముక్క రాయించుకోండి. వంగిపోయాక ఎవరూ ఒప్పుకోరు.