ఫ్యాక్టరీ మన జిల్లాలో, జీతం ఎవరి ఊళ్లో?

"హైదరాబాద్, చెన్నైల్లో కిక్కిరిసిన పరిశ్రమలను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు తరలిస్తే ఐదేళ్లలో వెనుకబాటుతనం మాయం." ఈ సందేశం నాకు అన్ని వైపుల నుంచీ వస్తూనే ఉంది. పంపినవారిలో చాలామంది హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నవారే. కింద దండాల బొమ్మలు కూడా పెట్టారు కాబట్టి మర్యాదగానే మొదలుపెడతాను.

భూముల ధరలు పెరుగుతాయట. పెరుగుతాయి. రైతు ఒక్కసారే అమ్ముకుంటాడు, కొన్నవాడు లేఅవుట్ వేసి ముక్కముక్కకూ అమ్ముకుంటాడు. పన్నులన్నీ జిల్లాకే వస్తాయట. 2017లో జీఎస్టీ వచ్చాక పన్ను సరుకు తయారైన చోటికి కాదు, వాడిన చోటికి వెళ్తోంది. పంచాయతీకి మిగిలేది ఇంటిపన్ను లాంటివే.

తలసరి ఆదాయం పెరుగుతుందన్నది కాస్త పసగల వాదన. లెక్కల్లో నిజంగానే పెరుగుతుంది, ఎందుకంటే ఉత్పత్తి విలువను ఫ్యాక్టరీ ఉన్న జిల్లా ఖాతాలోనే రాస్తారు. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వెళ్లి చూడండి. మందుల కంపెనీలన్నీ జాతీయ రహదారి పక్కన, జిల్లా సరిహద్దును పట్టుకుని ఉన్నాయి. షిఫ్టు మారే వేళకు కంపెనీ బస్సులు వరుస కడతాయి. కెమిస్టులు, మేనేజర్లు విశాఖ, విజయనగరం బస్సులెక్కుతారు. జీతం అక్కడి అద్దెలకు, అక్కడి బడి ఫీజులకు, అక్కడి దుకాణాలకు పోతుంది. ముడిసరుకు బయటి నుంచి లారీల్లో వస్తుంది. మనవాళ్లకు మిగిలేది డ్రమ్ములు దొర్లించే కాంట్రాక్టు పని. అందులోనూ బీహార్, ఒడిశా కూలీలతో పోటీ. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలివ్వాలని 2019లో చట్టం చేశారు కదా అంటారు. ఆ 75 శాతంలో సూపర్‌వైజర్లు ఎందరో, స్వీపర్లు ఎందరో ఆ చట్టం అడగదు.

నెల్లిమర్ల జూట్ మిల్లు ఎన్ని లాకౌట్లు చూసినా, దాని వెనుక చుట్టుపక్కల గోగు పండించిన రైతు ఉండేవాడు, నార కొనే వ్యాపారి ఉండేవాడు. పలాస జీడిపప్పు వెనుక ఉద్దానం తోటలున్నాయి. తరలివచ్చే ఫ్యాక్టరీకి ఈ ఊళ్లో అలాంటి చుట్టాలెవరూ ఉండరు.

రాయితీలిస్తే పరుగెత్తుకొస్తారట. వెనుకబడిన జిల్లాల్లో పెట్టే యంత్రాల ఖరీదులో 15 శాతాన్ని, పన్ను పడే ఆదాయం నుంచి అదనంగా తగ్గించుకునే వీలు 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా ఇచ్చారు. ఆ జాబితాలో మన రెండు జిల్లాలూ ఉన్నాయి. సరిగ్గా ఐదేళ్లు! మాయం కావలసింది అయిందా? హిమాచల్‌కు 2003లో ఇంతకన్నా పెద్ద ప్యాకేజీ ఇస్తే మందుల కంపెనీలు వెళ్లి మైదానం అంచునున్న బద్దీలో గుమిగూడాయి. కొండల్లోకి ఎక్కలేదు. ఇక కరెంటు చార్జీ పెరిగిందంటే చాలు, ఉక్కులో కలిపే మిశ్రమలోహాలు తయారుచేసే మన ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసుల్లో ఏదో ఒకటి చల్లారుతుంది. రాయితీ కోసం వచ్చినవాడు ఇంకో రాయితీ కోసం పోతాడు.

ఇప్పుడు అసలు విషం. "సోంపేటలో జనమే అడ్డుపడ్డారు, అందుకే ఇలా ఉన్నాం." అది నగరం నుంచి తరలివచ్చిన పరిశ్రమ కాదు, కొత్తగా కట్టబోయిన థర్మల్ కేంద్రం. కట్టబోయింది బీలలో. ఏడాది పొడవునా నీరుండే ఆ చిత్తడి నేలను ఆధారం చేసుకుని పంట పండించేవారు, చేపలు పట్టేవారు, పశువులు మేపేవారు బతుకుతున్నారు. కాగితాల మీద మాత్రం అది పనికిరాని నేల! 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది కూడా ఆ రోజే. అంటే జనం చెప్పింది సరైనదేనని ఢిల్లీలో తేలే రోజునే ఇక్కడ తుపాకులు పేలాయి. అయినా పదిహేనేళ్ల తరువాత కూడా తప్పు చనిపోయినవాళ్లదే! ఒక్క థర్మల్ కేంద్రం వచ్చి ఉంటే సిక్కోలు సింగపూర్ అయ్యేదని నమ్మేవారు బతుకుతెరువు కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి పడవలెక్కే మన మత్స్యకారులను అడగండి. వాళ్లు జెట్టీ కావాలంటారు, పొగగొట్టం కాదు.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. పైడిభీమవరం ఉన్న రణస్థలం చుట్టుపక్కల ఊళ్లలో ఆ డ్రమ్ములు దొర్లించే కుర్రాడు రాత్రికి ఇంటికొస్తాడు. అతని తండ్రి హైదరాబాద్‌లో మేస్త్రీ కింద పనిచేస్తూ సంక్రాంతికి మాత్రమే వచ్చేవాడు. ఆ తేడాను చులకన చేసే హక్కు నాకు లేదు. అందుకే పరిశ్రమలు వద్దనడం లేదు. రణస్థలం దాటి టెక్కలి, పలాస వైపు రమ్మనండి. ఇక్కడి ఐటీఐ కుర్రాళ్లకు మెషీన్ మీద పని నేర్పుతామని, ఇంతమందిని పర్మినెంట్ చేస్తామని ఒప్పందంలో రాయమనండి. రాయితీ ఎంతన్నది ఆ తరువాత మాట్లాడదాం.