హెల్‌క్యాట్‌లను ఎగతాళి చేసే ముందు ఇంజిన్‌లు లెక్కపెట్టండి

ఉరుగ్వే నౌకాదళం 1952లో గ్రమ్మన్ ఎఫ్6ఎఫ్-5 హెల్‌క్యాట్‌లు (రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికన్ నౌకాదళ ఫైటర్ విమానాలు) తెచ్చుకుని 1960ల మొదటి దాకా నడిపిందని చెప్పగానే, "జెట్‌లు వచ్చాక ఈ పాత సామాను ఎందుకు, పైగా విమానవాహక నౌకే లేదు కదా" అని తీసిపారేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. విమర్శించడానికి చోటు లేదని కాదు. ఉంది, కానీ అది వేరే చోట.

ముందు ఆ ఎంపిక చూడండి. 1942-45 మధ్య 12,275 హెల్‌క్యాట్‌లు తయారయ్యాయి. యుద్ధం ముగిశాక అమెరికా దగ్గర ఇవి గుట్టలుగా మిగిలాయి. 2,000 హార్స్‌పవర్ ఇంజిన్, ఆరు .50 మెషిన్ గన్‌లు, ఒక్కో గన్‌కు 400 తూటాలు. ఇంజిన్ గాలితో చల్లబడేది కాబట్టి రేడియేటర్ లేదు, లీకయ్యే కూలెంట్ పైపులూ లేవు. సముద్రం మీద ఒంటి ఇంజిన్‌తో తిరిగేవాడికి దీని విలువ తెలుస్తుంది. నౌక లేకపోయినా, నౌకల కోసం పెట్టిన రెక్కల మడత వృథా కాలేదు: 13 మీటర్ల వెడల్పు 5 మీటర్లలోపుకు వస్తుంది, హ్యాంగర్‌లో బోలెడు చోటు మిగులుతుంది. మడత చేత్తోనే. కాకపోతే రెక్క విప్పాక లాక్ పిన్నులు పూర్తిగా కూర్చున్నాయో లేదో కిందున్న మనిషి కళ్లారా చూసి తీరాలి.

అసలు కష్టం స్టార్టింగ్‌లో ఉంది. హెల్‌క్యాట్‌లోని ఆర్-2800 ఇంజిన్‌కు రెండు వరుసల్లో 18 సిలిండర్లు. విమానం ఒక రాత్రి నిలబడితే చాలు, నూనె మెల్లగా కిందివైపు సిలిండర్లలోకి దిగుతుంది. అందుకే ఇగ్నిషన్ ఆపి ఉందని ఖాయం చేసుకుని, ప్రొపెల్లర్‌ను చేత్తో తిరిగే దిశలోనే నాలుగైదు పూర్తి చుట్లు తిప్పాలి. ప్రొపెల్లర్‌కు మూడు బ్లేడ్లు, అంటే పన్నెండు నుంచి పదిహేను బ్లేడ్లు దాటాలి. మధ్యలో గట్టిగా పట్టేస్తే బలం పెట్టకూడదు, వెనక్కి అసలే తిప్పకూడదు. వెనక్కి తిప్పితే నూనె ఇన్‌టేక్ పైపులోకి పోతుంది, ఇంజిన్ అందుకోగానే మళ్లీ సిలిండర్‌లోకే వస్తుంది. పిస్టన్ ఎంత నొక్కినా నూనె నలగదు, పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్ అప్పుడే విరగకపోవచ్చు. కొన్ని గంటలు బాగానే తిరిగి, సముద్రం మధ్యలో విరగవచ్చు. కాబట్టి పట్టేసిందంటే కింది సిలిండర్ల ప్లగ్‌లు విప్పి నూనె కారనివ్వడం తప్ప వేరే దారి లేదు. హెల్‌క్యాట్‌లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే దాని స్టార్టర్ కార్ట్రిడ్జ్‌తో, అంటే తూటాలాంటి మందుగుండు గొట్టంతో పనిచేసేది, అది పేలి ఒక్క దెబ్బలో ఇంజిన్‌ను తిప్పుతుంది. ప్రైమింగ్ (ముందుగా సిలిండర్లలోకి కాస్త ఇంధనం పంపడం) కుదరక ఇంజిన్ అందుకోకపోతే ఆ కార్ట్రిడ్జ్ పోయినట్టే, ఇంకోటి పెట్టాలి. ఆ కార్ట్రిడ్జ్‌లు కూడా దిగుమతి సరుకే.

ఇక ఉప్పు. స్థావరం లగూనా దెల్ సౌసెలో ఉండేది, పుంటా దెల్ ఎస్తే పట్టణానికి దగ్గర, సముద్రతీరానికి చేరువలోనే. ఉప్పుగాలి లోహాన్ని ఏం చేస్తుందో విశాఖవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ ఇంజిన్ ముందు కేసింగ్ మెగ్నీషియం మిశ్రమం; పెయింట్ ఒక్కచోట లేచినా తెల్లటి పొడి మొదలవుతుంది. చెమ్మ ఇగ్నిషన్ వైర్లలోకి దూరితే 36 ప్లగ్‌లలో ఏది కాలడం లేదో వెతుక్కోవాలి. విమానం వారాల తరబడి ఎగరకపోతే సిలిండర్లలో ప్రిజర్వేటివ్ నూనె చల్లి, స్పార్క్ ప్లగ్‌ల స్థానంలో తేమ పీల్చే ప్లగ్‌లు బిగించాలి. వాటిలోని గింజలు నీలం నుంచి గులాబీ రంగుకు మారగానే మార్చేయాలి. మార్చకపోతే సిలిండర్ గోడలు తుప్పు పట్టి, రింగులు అరిగి, ఇంజిన్ నూనె తాగడం మొదలుపెడుతుంది.

నా ఆక్షేపణ ఇక్కడ. అదే నౌకాదళం దగ్గర అప్పటికే గ్రమ్మన్ డిజైనే అయిన టీబీఎం అవెంజర్లు (టార్పెడో బాంబర్లు) ఉన్నాయి. ఒకే ఇంటి విమానాలు కదా, కలిసొస్తుంది అనుకుంటాం. కలిసిరాదు! అవెంజర్‌ది 14 సిలిండర్ల రైట్ ఆర్-2600, హెల్‌క్యాట్‌ది ప్రాట్ అండ్ విట్నీ. అదే కాలంలో ఆ దేశంలో పాతిక ముస్తాంగ్ ఫైటర్లూ ఎగురుతున్నాయి, వాటిది ద్రవంతో చల్లబడే మెర్లిన్. సుమారు పాతిక లక్షల జనాభా ఉన్న దేశంలో ఈ మూడు విమానాలకే మూడు రకాల ఇంజిన్‌లు. ఒకదాని సిలిండర్ ఇంకోదానికి పట్టదు, ఒకదాని మీద చేయి తిరిగిన మెకానిక్‌కు ఇంకోటి మళ్లీ మొదటినుంచి నేర్పాలి. మిగులు విమానం చవకే. ఓవర్‌హాల్ చేసిన అదనపు ఇంజిన్ చవక కాదు, అమెరికా నౌకాదళం ఆ విమానాన్ని పక్కన పెట్టేకొద్దీ విడిభాగాల వరసా ఎండిపోతుంది.

అప్పుడు ఏ చిన్న దళమైనా చేసేది ఒకటే: ఒక విమానాన్ని విప్పి మిగతావాటిని ఎగరేయడం. మొదటి ఏడాది బాగానే ఉంటుంది. కానీ విప్పి తీసిన మాగ్నెటో (ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే పరికరం), ఇంధన పంపు కూడా బిగించబోయే విమానం అంత పాతవే, వాటికీ అంతే అరుగుదల. ట్యాంకుల రబ్బరు అయితే నిలబెట్టి ఉంచిన విమానంలోనే ముందు ఎండి పగులుతుంది. కాబట్టి ఎన్ని విమానాలు వచ్చాయన్నది వదిలేసి, వాటితో ఎన్ని అదనపు ఇంజిన్‌లు, ఎన్ని ప్లగ్ సెట్లు, ఎన్నేళ్లకు సరిపడా కార్ట్రిడ్జ్‌లు రాయించుకున్నారో అడగండి. ఆ లెక్క పెట్టాక విమర్శిస్తే నేనూ మీతో గొంతు కలుపుతాను.