తిన్నింటి వాసాలు, కృతజ్ఞత పద్దులు

లెక్కపెట్టడం తెలుగువాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. తిన్నింటి వాసాలు తరతరాలుగా లెక్కపెడుతూనే ఉన్నాం, ఒక్కటి కూడా తప్పిపోలేదు. 2003లో అమెరికాలో ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ లెక్కనే తిరగేసి చూశారు. కాలేజీ పిల్లల్ని మూడు జట్లు చేసి, ఒక జట్టును తమకు దక్కిన మేళ్లు, ఇంకో జట్టును చికాకులు, మూడో జట్టును ఊరికే జరిగిన సంగతులు రాయమన్నారు. వారానికోసారి, ఐదు ముక్కలకు మించకుండా, పది వారాలు. మేళ్లు రాసినవాళ్లు చికాకులు రాసినవాళ్లకంటే కాస్త కులాసాగా తేలారు. ఆ కబురు సముద్రాలు దాటి, వాట్సాప్‌లో దొర్లి, ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి బజారుకు చేరేసరికి "రోజూ పొద్దున్నే పది మేళ్లు తలుచుకో, నీ దశ తిరుగుతుంది" అయి కూర్చుంది.

ఆ పది మేళ్ల బాధితుల కోసమే ఈ నాలుగు ముక్కలూ.

ముందుగా, బంగారు అంచు, పేజీకో సూర్యోదయం ఉన్న డైరీ కొనకండి. కిరాణా కొట్టులో అరువు ఖాతా ఒకసారి చూడండి. షావుకారు అందులో ఎన్నడైనా "ఈ రోజు అందరికీ సరుకులిచ్చాను, మనసు నిండింది" అని రాశాడా? తేదీ, పేరు, సరుకు, ఎంత. కృతజ్ఞతకు మన భాషలో ఉన్న గట్టి మాట కూడా "ఋణపడి ఉంటాను" అనే కదా! అప్పు పద్దు ఎలా రాస్తారో ఇదీ అలాగే రాయాలి. సెలిగ్మన్ అనే మరో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడి బృందం 2005లో చేయించింది దాదాపు ఇదే. వారం రోజులపాటు, రాత్రి పడుకోబోయే ముందు, ఆ రోజు బాగా జరిగినవి మూడు రాయాలి. పక్కనే, అది ఎందువల్ల జరిగిందో రాయాలి. ఆ "ఎందువల్ల" గడి ఖాళీగా వదిలేస్తే మిగిలేది హాజరుపట్టీ.

చెల్లని పద్దు ఇలా ఉంటుంది: "కుటుంబం, ఆరోగ్యం, దేవుడి దయ." నిన్నా ఇదే, మొన్నా ఇదే. చెల్లే పద్దు ఇలా: "మంగళవారం. బస్టాండు దగ్గర ఆటో అబ్బాయి. ఒడియా నోటీసు చదివిపెట్టాడు. సవారీ పోతుందని తెలిసీ ఆగాడు." సరిహద్దు తెలుగువాడికి ఇంతకు మించిన ఉపకారం ఉండదు. మాట్లాడమంటే ఒడియా గడగడా మాట్లాడతాం, కాగితం చేతికిస్తే నీళ్లు నములుతాం. గుండ్రదనంలో ఆ అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్లే, అయినా ఒక్కటీ పలకరించదు.

మూడే ఎందుకంటారా? మూడు ఇట్టే తడతాయి. ఆరోదానికి తల గోక్కోవాలి. తొమ్మిదోదానికి "ఫ్యాను తిరుగుతోంది" అని రాస్తారు. అక్కడ మనసు "ఇంతేనా నా బతుకు" అనుకుంటుంది. సాధన అక్కడితో సరి.

ఇక ఏది పద్దు కాదో తెలియాలి. జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కొళాయి వచ్చింది, కరెంటు పోలేదు, ఆఫీసులో గుమాస్తా మూడోసారి తిప్పకుండా సర్టిఫికెట్టు ఇచ్చాడు. ఇవి రాయకూడదు. బిల్లు మీరు కట్టారు, జీతం ఆయన తీసుకున్నాడు. మీ జమను అరువు కింద రాస్తే ఏ షావుకారైనా నవ్వుతాడు. దీనివల్ల ప్రభుత్వ పెద్దల మనసు నొచ్చుకోవచ్చు. కొటియా గ్రామాలవారి ఇబ్బంది మరీ పెద్దది. ఆ ఊళ్లు మావంటే మావని ఒడిశా, ఆంధ్రా పట్టుబట్టి, 1968లోనే వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. రేషను కార్డులు ఇద్దరూ ఇస్తారు, ఓటూ ఇద్దరూ అడుగుతారు. అక్కడివారు రెండు ఖాతాలు తెరిచి, ఆదివారం ఒక ప్రభుత్వానికీ బుధవారం ఇంకో ప్రభుత్వానికీ ఋణపడితే ఎవరికీ కోపం రాదు.

రోజూ రాస్తే ఏమవుతుందో నౌపడా-గుణుపురం రైలు చెబుతుంది. 1900లో పర్లాకిమిడి దాకా వచ్చిన చిన్న బండి 2004లో ఆగింది. పెద్ద లైను మీద గుణుపురం దాకా బండి నడిచేసరికి 2011. మొదటిరోజు దండం పెట్టిన చెయ్యే ఇప్పుడు పది నిమిషాలు ఆలస్యమైతే గడియారం చూపించి తిడుతుంది. అలవాటు పడ్డ మేలు కంటికి ఆనదు, రాత కూడా అంతే. ల్యూబొమిర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలి బృందం ఆరు వారాలు చూస్తే, వారానికోసారి రాసినవారికి ఫలితం కనిపించింది, మూడుసార్లు రాసినవారికి కనిపించలేదు. కాబట్టి మొదటి వారం రోజూ మూడు, ఆ తర్వాత ఆదివారం రాత్రి పది నిమిషాలు చాలు.

భాష సంగతి. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసి, వాడుకభాష కోసం పోట్లాడిన ఊరు ఈ పర్లాకిమిడి. ఇక్కడ కూర్చుని "కృతజ్ఞతాపూర్వక వందన సహస్రములు" అని రాస్తే పాపం తగులుతుంది. ఇంట్లో ఎలా అంటారో అలాగే: "బతికించావు", "నీ కడుపు చల్లగుండ". ఒక్క "పుణ్యమా అని"తో మాత్రం జాగ్రత్త. "మా ఆడపడుచు పుణ్యమా అని" అంటూ మొదలైన పద్దు ఎటు తేలుతుందో చివరిదాకా చదివితే గాని తెలియదు.

కోడలి చేత బలవంతాన రాయించినది చెల్లదు. "పక్కింటాయన కాలు విరిగింది, మనది విరగలేదు" అన్నదీ చెల్లదు. వారాల తరబడి నిద్రపట్టక, తిండి సయించకపోతే ఖాతా మూసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చివరి అంగం ఉత్తరం. మీకు మేలు చేసి, మీరు ఎన్నడూ నోరు తెరిచి చెప్పని మనిషికి ఒక పేజీ రాసి, స్వయంగా వెళ్లి చదివి వినిపించాలి. 2005 నాటి సెలిగ్మన్ పరీక్షల్లో అప్పటికప్పుడు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే. మూడు నెలలకు ఆనవాలు లేకుండా పోయిందీ ఇదే. పాత మేష్టారింటికి వెళ్లి, కాగితం మడత విప్పి, గొంతు సవరించుకోగానే ఆయన "ఏట్రా, ఎంత కావాలేటి?" అంటారు. కంగారు పడకండి, మన వైపు ఇంత మర్యాదగా అప్పుకే వస్తారు. చదవడం ఆపకండి. అంతా విన్నాక ఆయన కాగితం అందుకుని, కళ్లజోడు తుడుచుకుని, "కృతఙ్ఞత" దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుడతారు. "జ కింద ఞ రావాల్రా, నాలుగో తరగతిలోనే చెప్పాను" అంటారు. ఇంటికొచ్చి పద్దు రాసుకోండి. తేదీ, మేష్టారి పేరు, ఒక అక్షరం. ఎంత అన్న గడిలో గీత పెట్టి వదిలేయండి.