ఆర్.ఏ. అంటే ఊరికే వచ్చే గది కాదు

మా పిన్ని కొడుక్కి ఈ ఆగస్టులో ఎం.ఎస్. మొదలవుతుంది. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో సీటొచ్చింది. మొన్న రాత్రి నాకొక వాట్సాప్ మెసేజ్ పంపి, "అక్కా, దీనికి పెట్టేస్తే ఇక ఇల్లు వెతుక్కునే పని లేనట్టే కదా?" అని అడిగాడు. ఆ మెసేజ్ నాకు రావడం ఈ నెలలో ఇది నాలుగోసారి. అందులో ఉన్నది ఇదీ: అమెరికా యూనివర్సిటీల్లో ఆర్.ఏ. అనే పోస్టు ఉంటుంది, దిగగానే అప్లై చేయాలి. గది ఉచితం, తిండి ఉచితం, ట్యూషన్ ఫీజు కూడా మాఫీ. చేయాల్సిన పనేమీ ఉండదు, హాస్టల్లో ఉంటే చాలు. జీతం కాదు కాబట్టి స్టూడెంట్ వీసా వాళ్లకుండే వారానికి 20 గంటల పని పరిమితి లెక్కలోకి రాదు. తెలిసిన సీనియర్ ఒక మాట చెబితే ఇంటర్వ్యూ నామమాత్రం. నచ్చకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు.

నేను ఇంటర్ అయ్యాక బ్యాచిలర్స్ చదవడానికి అమెరికాకొచ్చి, రెండేళ్లు ఆర్.ఏ.గా, అంటే యూనివర్సిటీ హాస్టల్లో ఒక అంతస్తు బాగోగులు చూసే విద్యార్థిగా, చేశాను. ఆ పనంటే నాకు ప్రాణం. అందుకే ఈ మెసేజ్ చూసిన ప్రతిసారీ భయమేస్తుంది. దీన్ని నమ్మి ఖర్చుల లెక్కలు వేసుకుంటున్న పిల్లలున్నారు, వాళ్ల లోన్లకు సంతకాలు పెట్టిన తల్లిదండ్రులున్నారు.

ముందు ఫీజు మాఫీ సంగతి. ఇక్కడ రెండు ఆర్.ఏ.లు కలగాపులగం అయిపోయాయి. మన ఎం.ఎస్. పిల్లలు మామూలుగా ఆర్.ఏ. అనేది రీసెర్చ్ అసిస్టెంట్‌ని. అది ప్రొఫెసర్ దగ్గర, ఆయన ప్రాజెక్టు డబ్బుతో నడిచే పని, దానికి ట్యూషన్ తగ్గడమో మాఫీ కావడమో ఉంటుంది. ఈ మెసేజ్‌లోని ఆర్.ఏ. రెసిడెంట్ అసిస్టెంట్. ఇది యూనివర్సిటీ హౌసింగ్ శాఖ ఇచ్చే పని. ప్రతిఫలంగా వచ్చేది గది, చాలాచోట్ల మీల్ ప్లాన్, కొన్నిచోట్ల కొద్దిపాటి స్టైపెండ్. కొన్ని యూనివర్సిటీలు గది అద్దెలో కొంత భాగమే తగ్గిస్తాయి. ట్యూషన్ బిల్లు మాత్రం మామూలుగా యథాతథంగా ఉంటుంది. రెండక్షరాల పొరపాటే కావచ్చు, ఒక కుటుంబం బడ్జెట్‌లో అది లక్షల రూపాయల తేడా.

"దిగగానే అప్లై చేయాలి" అన్నది కూడా కుదిరే పని కాదు. చాలా క్యాంపస్‌లలో వచ్చే ఏడాది ఆర్.ఏ.ల ఎంపిక అంతకుముందు చలికాలంలోనే జరిగిపోతుంది. అప్లికేషన్, రెఫరెన్సులు, గ్రూప్ ఇంటర్వ్యూ, విడి ఇంటర్వ్యూ అయ్యాక వసంతంలో ఆఫర్లు ఇస్తారు. ఆగస్టులో విమానం దిగేసరికి ఆ ఏడాది వాళ్లు ట్రైనింగ్‌లో ఉంటారు. పైగా చాలాచోట్ల కనీసం ఒక సెమిస్టరో ఏడాదో క్యాంపస్ హాల్లో, అంటే హాస్టల్లో, ఉండి ఉండాలని, జీపీఏ ఇంత ఉండాలని నిబంధనలుంటాయి. ఆర్.ఏ.లలో ఎక్కువమంది అండర్‌గ్రాడ్‌లే, అంటే బ్యాచిలర్స్ చదివేవాళ్లే. గ్రాడ్యుయేట్ (మాస్టర్స్, పీహెచ్‌డీ) విద్యార్థులకు హాల్ డైరెక్టర్ తరహా అసిస్టెంట్‌షిప్‌లు కొన్ని క్యాంపస్‌లలో ఉంటాయి, వాటిలో కొన్నింటికి ట్యూషన్ సాయం కూడా ఉంటుంది. కానీ అక్కడ ఇదివరకు హాల్లో పనిచేసిన అనుభవం చూస్తారు. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, వారిలో ఎక్కువమంది మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లే. అంటే ఈ మెసేజ్ ఎవరి ఫోన్లలో తిరుగుతోందో వాళ్లలో చాలామందికి ఈ పోస్టు వర్తించదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట 20 గంటల గురించినది. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. చేతికి డబ్బు రాకుండా గది రూపంలో ప్రతిఫలం వచ్చినంత మాత్రాన అది పని కాకుండా పోదు. పైగా ఆ 20 గంటలు అన్ని పనులకూ కలిపి. ఆర్.ఏ. పనికి వారానికి ఇన్ని గంటలని యూనివర్సిటీ లెక్క కడుతుంది. ఆ లెక్క 20 అయితే లైబ్రరీలో కానీ డైనింగ్ హాల్లో కానీ ఇంకో గంట కూడా చేయడానికి లేదు. అనుమతి లేని పని వల్ల వీసా స్టేటస్ పోతే, దాన్ని తిరిగి తెచ్చుకునే రీఇన్‌స్టేట్‌మెంట్‌కు కూడా అర్హత ఉండదు. ఇలాంటి విషయంలో సీనియర్ మాట మీద, నా మాట మీద కూడా ఆధారపడకండి. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే అధికారి డీఎస్‌ఓకి ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక "పనేమీ ఉండదు" అన్న మాట దగ్గరికి వద్దాం. నేను ఇదంతా రాయడానికి అసలు కారణం ఇదే.

మనవాళ్లు ఆర్.ఏ. అనగానే ఇంటర్ హాస్టల్ వార్డెన్‌ని ఊహించుకుంటారు. స్టడీ అవర్‌లో కూర్చోబెట్టడం, ఫోన్ లాక్కోవడం, అవుట్‌పాస్ మీద సంతకం. ఆర్.ఏ.కి ఆ అధికారాల్లో ఒక్కటీ లేదు. ఎవరి గదీ సోదా చేయకూడదు, ఎవరి బ్యాగూ తెరవకూడదు. తనూ తోటి విద్యార్థే, తనకూ మర్నాడు మిడ్‌టర్మ్ ఉంటుంది. కానీ ఆ అంతస్తులో ఉన్న ముప్పయి, నలభై మందికి ఏ కష్టమొచ్చినా ముందు తట్టే తలుపు ఆర్.ఏ.దే.

క్లాసులు మొదలవడానికి వారం, రెండు వారాల ముందే ట్రైనింగ్ ఉంటుంది. చాలాచోట్ల అందులో ఒక అభ్యాసం చేయిస్తారు: పాత ఆర్.ఏ.లు గదుల్లో పాత్రలు నటిస్తుంటారు. ఒక గదిలో మందు పార్టీ, ఒక గదిలో రూమ్‌మేట్ల గొడవ, ఇంకో గదిలో తనకిక బతకాలని లేదని చెప్పే అమ్మాయి. కొత్తవాళ్లు ఒక్కొక్కరే తలుపు తట్టి లోపలికెళ్లాలి. నాటకమని తెలిసినా మూడో గది తలుపు దగ్గర నా చేతులు వణికాయి.

ఆ తర్వాత నాటకం కానివి వచ్చాయి. డ్యూటీ రాత్రి అంటే డ్యూటీ ఫోన్ పట్టుకుని బిల్డింగంతా రౌండ్లు కొట్టడం, చూసిందంతా లాగ్‌లో రాయడం. తాళం లోపల మర్చిపోయి తువ్వాలుతో బయట నిలబడ్డవాళ్లు, జనవరి మంచులో తెల్లవారుజామున మోగే ఫైర్ అలారం, వాంతి చేసుకుని స్పృహ తప్పిన కుర్రాడి పక్కన అంబులెన్స్ వచ్చేదాకా కూర్చోవడం.

రెండో ఏడాది అక్టోబర్లో, రాత్రి రెండింటికి ఒక తెలుగమ్మాయి నా తలుపు తట్టింది. ఫస్టియర్. లోపలికొచ్చి కూర్చుని, "అక్కా, నీకొకటి చెప్తాను, ఎవరికీ చెప్పకు" అంది. నాకూ ఆ మాట ఇవ్వాలనే ఉంది. కానీ ఇవ్వకూడదు. క్యాంపస్ నేరాల వివరాలు బయటపెట్టాలనే క్లెరీ చట్టం కింద చాలా యూనివర్సిటీలు ఆర్.ఏ.లను నేరాల సమాచారం పైకి చేరవేయాల్సినవాళ్లుగా లెక్కిస్తాయి. 1986లో లీహై యూనివర్సిటీ హాల్లో, తన గదిలోనే హత్యకు గురైన జీన్ క్లెరీ పేరు మీద ఉన్న చట్టం అది, 1990 నాటిది. లైంగిక హింస గురించి తెలిస్తే అలాంటి ఫిర్యాదులు చూసే టైటిల్ నైన్ ఆఫీసుకు, ప్రాణాపాయం అనిపిస్తే డ్యూటీలో ఉన్న ప్రొఫెషనల్ స్టాఫ్‌కు చెప్పి తీరాలి. అందుకని ఆ అమ్మాయితో ముందే, "చెల్లీ, కొన్ని సంగతులు నా దగ్గరే ఉంచుకోలేను. అది తెలుసుకుని చెప్పు. ఏం చెప్పినా నేను ఇక్కడే ఉంటాను" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. తిని, నిద్రపోయి వారమైందట, బతకాలని లేదట. నేను తన ముందే ఫోన్ చేశాను. తెల్లారేదాకా తన పక్కనే ఉన్నాను. నాలుగు వారాలు నాతో మాట్లాడలేదు. ఐదో వారం డైనింగ్ హాల్లో వచ్చి నా ఎదురుగా ట్రే పెట్టుకుని కూర్చుంది.

ఇది పని కాకపోతే మరి పనంటే ఏమిటి?

ఇంటర్వ్యూలో వాళ్లు వెతికేది కూడా దీన్నే. సీనియర్ సిఫారసు ఒక రెఫరెన్స్‌గా మాత్రం ఉపయోగపడుతుంది. "మీ దగ్గరి స్నేహితురాలి గదిలోంచి గంజాయి వాసన వస్తోంది, మీరు డ్యూటీలో ఉన్నారు, ఏం చేస్తారు?" లాంటి ప్రశ్నలు అడుగుతారు. గ్రూప్ ఇంటర్వ్యూలో ఎవరు ఎక్కువ మాట్లాడారన్నది కాదు, మాట్లాడనివాళ్లను ఎవరు మాట్లాడించారన్నది చూస్తారు. చిన్నప్పటినుంచీ ముందు చెయ్యెత్తినవాడికే మార్కులని నేర్చుకున్న మన పిల్లలు చాలామంది అక్కడే తడబడతారు. గది ఉచితం కాబట్టి వచ్చానని ముఖం చెబుతుంటే ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

పన్ను మాట మెసేజ్‌లో లేదు కానీ చాలామంది అడుగుతారు. పని కోసం తప్పనిసరిగా ఆ హాల్లోనే ఉండాలన్న షరతు ఉంటే గది విలువకు సాధారణంగా పన్ను పడదు. స్టైపెండ్ మాత్రం ఆదాయమే.

ఎప్పుడైనా మానేయొచ్చన్నది చివరిది. మానేయొచ్చు, నిజమే. కానీ ఉద్యోగం, ఇల్లు ఒకే కాగితం మీద ఉంటాయి. మానేసినా, వాళ్లే తీసేసినా, కొద్ది రోజుల్లో గది ఖాళీ చేయాలి, లేదా అప్పటినుంచి అద్దె కట్టాలి. సెమిస్టర్ మధ్యలో, లీజులన్నీ నిండిపోయాక ఇల్లు వెతకడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆర్.ఏ.లు యూనియన్లు పెట్టుకున్నది ఇలాంటి పని షరతుల మీద తమకూ ఒక మాట ఉండాలనే. 2002లో మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్ క్యాంపస్‌లో, 2022లో వెస్లియన్ యూనివర్సిటీలో పెట్టుకున్నారు. పనేమీ లేనివాళ్లకు యూనియన్ ఎందుకు?

తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే నాతో కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుందామన్న ఆ ముగ్గురికి ఓకే చెప్పేయనా?" అన్నాడు. చెప్పేయమన్నాను. నిజంగా ఈ పని మీద మనసుంటే క్యాంపస్‌కి వెళ్లాక హౌసింగ్ ఆఫీసులో గ్రాడ్యుయేట్ పోస్టుల గురించి కనుక్కోమన్నాను. ఫోన్ పెట్టేసే ముందు వాడు అడిగింది ఉచిత గది గురించి కాదు. "అక్కా, ఆ అమ్మాయి ఇప్పుడు బాగుందా?" అన్నాడు.