చార ఎటువైపు?

గాజు మీద చారలు రెండు రకాలు. లోపలివైపువి, బయటివైపువి. మా ఇంటి రాజ్యాంగం ప్రకారం లోపలి చారలకు నేను బాధ్యుణ్ణి, బయటి చారలకు ప్రభుత్వం. అధికార విభజన ఇంత స్పష్టంగా ఉన్నా పంతొమ్మిదేళ్లుగా మా హాలు కిటికీ వివాదం తేలలేదు. ఎందుకంటే చార ఎటువైపు ఉందో తుడిచేవాడికి తెలిసి చావదు. లోపల రుద్దితే బయట ఉన్నట్టుంటుంది. చెయ్యి బయటపెట్టి రుద్దితే లోపలికి దూకుతుంది. సోఫాలో కూర్చుని టీ తాగే మనిషికి మాత్రం అది ఎక్కడుందో చక్కగా కనిపిస్తుంది. “అదిగో, మీ ఎడమచెయ్యి దగ్గర. ఇంకాస్త పైన. అబ్బా, అది కాదండీ!”

కృష్ణా నీళ్ల పంపకానికి ఇప్పటికి రెండు ట్రిబ్యునళ్లు వేశారు. నేను కాదనను. కానీ అవే నీళ్లు నదిలోంచి పైపులోకి, పైపులోంచి సంపులోకి, సంపులోంచి ట్యాంకులోకి ఎక్కి, మా బకెట్లోకి దిగి, గాజు మీద తెల్లగీతగా ఆరిపోతే విచారించే నాథుడు లేడు.

అసలు ఆ గీతలో కృష్ణమ్మ వాటా తక్కువే. మా హైదరాబాదు అపార్టుమెంటుకు ఆవిడ రోజు విడిచి రోజు వస్తుంది. మిగతాదంతా బోరు. తాగేనీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ అంటుంది. వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోమంటుంది. మనిషి సర్దుకుంటాడు. గాజు సర్దుకోదు. నీళ్లు ఆవిరై వెళ్లిపోతాయి, అందులోని కాల్షియం, మెగ్నీషియం మాత్రం ఖాళీ చెయ్యనంటే చెయ్యనని భీష్మించిన కిరాయిదారుల్లా అక్కడే ఉండిపోతాయి.

మా నాయనమ్మకి ఈ తిప్పలు లేవు. ఆవిడ ఇంట్లో కిటికీ అంటే కొయ్య తలుపులు, ఇనుప ఊచలు. గాజు ఉన్నది దేవుడి పటాలకీ, ముఖం చూసుకునే అద్దానికీ, లాంతరుకీ. సాయంత్రం దీపాలవేళకు ముందే లాంతరు చిమ్నీ విప్పి, మసిని ముందు పొడిగుడ్డతో తీసేసి, మెత్తటి ముగ్గు అద్ది, నోరు దగ్గరపెట్టి ‘హా’ అని ఊది, తాతయ్య పాత పంచె ముక్కతో గుండ్రంగా తిప్పేది. చారన్న మాటే లేదు. దీని వెనక సైన్సుంది. నోటి ఆవిరి చల్లటి గాజు తగిలి నీరవుతుంది. ఆవిరితో పాటు సున్నం రాదు కాబట్టి అది దాదాపు డిస్టిల్డ్ వాటరే. అంటే కరెంటు కూడా లేని రోజుల్లో ఆవిడ రెండు ఊపిరితిత్తులతో శుద్ధజలం ప్లాంటు నడిపిందన్నమాట. మా బాల్కనీకున్న స్లైడింగ్ తలుపు మీద నేనూ ఆ విధానం అమలుచేశాను. మూడో అడుగు దగ్గర కళ్లు తిరిగాయి.

సరే, ఊపిరి లేకపోతే ఆర్.ఓ. మిషను ఉందిగా అనుకున్నాను. దానికి రెండు పైపులు. ఒకదాంట్లోంచి వచ్చేవి తాగుతాం, రెండోదాంట్లోంచి వచ్చేవి పారబోయాలి. మాది పొదుపరుల వంశం. పారబోయడానికి ప్రాణం ఒప్పక, ఆ రెండో పైపు నీళ్లు బకెట్లో పట్టి కిటికీలు కడుగుతూ వచ్చాను. మిషను మంచినీళ్లలోంచి వేరుచేసిన ఉప్పులన్నీ పోయి చేరేది ఆ బకెట్లోకేనని ఈమధ్యే తెలిసింది. ఇంటిల్లిపాదీ తాగకుండా కాపాడుకున్న ఉప్పునంతా పదేళ్లపాటు శ్రద్ధగా గాజుకు పట్టించానన్నమాట.

సబ్బు సంగతీ అంతే. తలంటు పోసుకున్నా, గిన్నె తోమినా, నురగ పొంగకపోతే మనకు తృప్తి ఉండదు. గాజుకు ఆ మర్యాదలు అక్కర్లేదు. బకెట్టు నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు చాలు. ఎక్కువైన సబ్బు ఎక్కడికీ పోదు, పొరలా ఆరి మళ్లీ చారై కూర్చుంటుంది. పైగా ముందు పొడి బ్రష్షుతో దుమ్ము దులపాలి. లేకపోతే మన ఊరి దుమ్ముకు నీళ్లు తగిలాక మీరు చేసేది తుడవడం కాదు, అలకడం. ఇవన్నీ తెలిసిన మగవాళ్లు కూడా ఆదివారం టిఫిన్ అయ్యాక, పేపరు చదివాక, పదకొండింటికి, సరిగ్గా ఎండ గాజు మీద పడే ముహూర్తానికే రంగంలోకి దిగుతారు. గుడ్డ అందుకునేలోపే నీళ్లు ఆరిపోతాయి. నేనూ వారిలో ఒకణ్ణి.

పేపరంటే గుర్తొచ్చింది. తడి గాజును దినపత్రికతో తుడవడం మన జాతీయ సంప్రదాయం. పనిచేస్తుంది కూడా, పాతగుడ్డలా నూగు వదలదు. నున్నటి ఆదివారం అనుబంధాలు పనికిరావు, నీళ్లు పీల్చవు. మామూలు పేజీలే కావాలి, అందులోనూ ఎడిటోరియల్ పేజీ శ్రేష్ఠమని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఓసారి నా వ్యాసంతోనే వంటగది కిటికీ తుడుస్తుండగా పట్టుకున్నాను. అంత రాపిడికి కూడా గాజు చెక్కుచెదరలేదు గానీ సిరా తెల్లటి ఫ్రేముకు అంటుకుంది. నా రాతలు ఎక్కడైనా ముద్ర వేశాయంటే అది అక్కడే.

వెనిగరు భక్తులకు ఒక్క మాట. అది సున్నపు మరకను కరిగించే మాట నిజమే. మీ కిటికీ కింద గట్టుకు మార్బుల్ పరిచి ఉంటే, అదీ కాల్షియమే. వెనిగరుకు స్వపర భేదం లేదు. మా గట్టు మీద బొట్లు బొట్లుగా మెరుపు పోయిన చోట్లు చూపించమంటే చూపిస్తాను.

ఇక వైపరు. 1930ల్లో అమెరికాలోని ఓక్లాండ్‌లో ఎత్తోరె స్తెక్కోనే అనే ఇటలీ మనిషి, కిటికీలు కడిగి బతికేవాడు, బరువైన ఉక్కు పనిముట్టుతో విసిగిపోయి తేలికపాటి ఇత్తడి పట్టీకి ఒక్క రబ్బరు అంచు బిగించాడు. చేతిలో పట్టుకునే గాజు వైపరు ఈనాటికీ ఇంచుమించు అదే. పై నుంచి కిందికి ఒక్క లాగు లాగాలి, లాగినప్పుడల్లా రబ్బరు అంచు పొడిగుడ్డతో తుడవాలి. నేనూ లాగాను. ఎందుకు కుదరలేదా అని ఆరా తీస్తే తేలిందేమంటే, నా చేతిలో ఉన్నది బాత్రూం నేలది.

ఇన్ని శాస్త్రాలు మథించినా మొదటి సమస్య అలాగే ఉంది. చార ఎటువైపు? మొన్న ఆదివారం మళ్లీ ఇదే రగడ జరుగుతుంటే, మా ఇంట్లో పనిచేసే ఆవిడ చీపురు గోడకు ఆనించి కాసేపు చూసింది. “సార్, లోపల నిలువుగా తుడువుండ్రి, బయట అడ్డంగ తుడువుండ్రి. గీత అడ్డం కనిపిస్తే బయటిదే కదా,” అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది. పంతొమ్మిదేళ్ల వ్యాజ్యం. అరనిమిషం తీర్పు. అప్పీలుకు కూడా చోటు ఉంచలేదు.

ఆ రోజు మా కిటికీలు ఎంత శుభ్రపడ్డాయంటే, పక్క అపార్టుమెంటువాళ్ల బట్టల తాడు, దాని వెనక వాళ్ల వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, ఫ్యాను రెక్క మీది జిడ్డు కళ్లకు కట్టినట్టు కనిపించాయి. వాళ్లకు మేమూ అలాగే కనిపిస్తున్నామని తట్టగానే మా ఆవిడ లేచి పరదాలు వేసేసింది. బాల్కనీ తలుపుకు మాత్రం పరదా లేదు. దాన్ని నిలువుగా ఓసారి, అడ్డంగా ఓసారి, వేళ్ల ముద్ర కూడా మిగలకుండా నేనే తుడిచాను.

సాయంత్రం విజయవాడ నుంచి బావగారొచ్చారు. కాఫీ గ్లాసు పట్టుకుని, “బాల్కనీలో గాలి బాగుంటుందనుకుంటా,” అంటూ నేరుగా నడిచారు.

ముక్కు విరగలేదు, దేవుడి దయ. కాఫీ చార మటుకు లోపలివైపే, అందులో సందేహం లేదు.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ బాత్రూం అద్దానికి అంటించి ఉంచుకున్న బొట్టుబిళ్లల్లోంచి రెండు ఎర్రటివి ఏరి తెచ్చి, బాల్కనీ తలుపుకు కళ్లెత్తులో పక్కపక్కన అంటించింది. ఇంకో నెలలో ఆ జిగురు మరకలు కొబ్బరినూనె పెట్టి తీయాల్సింది నేనేనా అని అడిగాను.

“బయటివైపు అంటించానండీ,” అంది. “ప్రభుత్వం చూసుకుంటుంది.”