జనవరిలో కలుపు మందు కొన్న మనిషి

హత్య జరిగినా పాఠకుడికి నిద్ర చెడగొట్టని నవలలను ఇంగ్లీషువారు ‘కోజీ మిస్టరీ’ అంటారు. చిన్న ఊరు, రక్తం కనిపించని శవం, టీ తాగుతూనే అందరి గుట్టూ లాగే ఒక పెద్దావిడ ఉంటే చాలు. ఏళ్ల తరబడి వీటిని ఇష్టంగా చదువుతున్నాను కనుక నాది అభిమాని ఫిర్యాదే. ఈ మధ్య చదివిన నాలుగైదింటిలో కథ జరిగేది వ్యవసాయపు ఊరని మొదటి పేజీలోనే చెప్పారు. ఆ తరువాత ఒక్కరూ వాన కోసం ఆకాశం వంక చూడలేదు, అప్పు మాట ఎత్తలేదు, బురద కాళ్లతో గడప తొక్కలేదు. పొలం ముఖచిత్రం మీదే మిగిలిపోయింది.

ఈ లోపం ఎంత పెద్దదో తెలియాలంటే వేల్స్ సరిహద్దులో, వై నది ఒడ్డున ఉన్న హే-ఆన్-వై అనే ఊరి సంగతి చూడాలి. ఇప్పుడది పాత పుస్తకాల దుకాణాలకు పేరుపడింది కానీ, 1921లో చుట్టుపక్కల రైతులు గురువారం సంతకు వచ్చే చిన్న బస్తీ. ఆ ఊళ్లో ఇద్దరు ప్లీడర్ల ఆఫీసులు ఒకే వీధిలో ఎదురెదురుగా ఉండేవి. ఒకరు మేజర్ హెర్బర్ట్ రౌస్ ఆర్మ్‌స్ట్రాంగ్, రెండోవారు ఆయనకంటే చిన్నవాడైన ఆస్వాల్డ్ మార్టిన్. ఒక భూమి అమ్మకంలో బయానా సొమ్ము వాపసు చేయమని మార్టిన్ తన కక్షిదారుల తరఫున ఆర్మ్‌స్ట్రాంగ్‌ను గట్టిగా అడుగుతున్న రోజులవి. 1921 అక్టోబరు 26న ఆర్మ్‌స్ట్రాంగ్ అతన్ని ఇంటికి టీకి పిలిచి, వెన్న రాసిన స్కోన్ అనే రొట్టెను, వేళ్లతో ఇస్తున్నందుకు ఏమీ అనుకోవద్దంటూ స్వయంగా చేతికందించాడు. ఆ రాత్రి మార్టిన్‌కు వాంతులు పట్టుకున్నాయి.

మార్టిన్‌కు పిల్లనిచ్చిన మామ డేవిస్‌కు ఆ ఊళ్లోనే మందుల కొట్టు ఉంది. అల్లుడి అవస్థ చూడగానే ఆయనకు తన కొట్టులోని పుస్తకం గుర్తొచ్చింది. 1851 నాటి చట్టం ప్రకారం ఆర్సెనిక్, అంటే మన పెద్దలు పాషాణం అనేది, అమ్మేవాడు కొన్నవారి పేరు, ఎందుకు కొంటున్నారన్న కారణం రాసి, సంతకం పెట్టించుకోవలసి ఉండేది. తెల్లటి పొడిని ఎవరూ పంచదార అనుకోకుండా మసిగానీ నీలిమందుగానీ కలపవలసి ఉండేది. ఆర్మ్‌స్ట్రాంగ్ తన తోటలోని కలుపు చంపడానికని అక్కడ పాషాణం కొన్నాడు. అందులో పావు పౌను కొన్నది 1921 జనవరిలో. నడి చలికాలంలో, ఏ మొక్కా ఎదగని రోజుల్లో కలుపు మందుతో ఏం పని? ఈ ప్రశ్న వేయడానికి డిటెక్టివ్ బుర్ర అక్కరలేదు, ఒక్కసారి కలుపు తీసిన అనుభవం ఉంటే సరిపోతుంది. ఆయన భార్య కేథరీన్ ఆ తరువాతి నెల 22న మరణించింది.

నాకు ఒళ్లు జలదరించేది మాత్రం ఆ తరువాతి వారాలను తలచుకున్నప్పుడు. పోలీసులు చాటుగా ఆధారాలు వెతుకుతూ, అనుమానం పైకి పొక్కనీయవద్దని మార్టిన్‌కు చెప్పారు. ఎదుటి ఆఫీసు ప్లీడరేమో మళ్లీ టీకి రమ్మని పదేపదే కబురు పంపుతున్నాడు. పట్నంలోనైతే ముఖం చాటేయవచ్చు. ఒకే వీధిలో, పొద్దున్నే తలుపు తీస్తే ఎదురయ్యే మనిషికి రోజుకో సాకు ఎన్నాళ్లని చెప్పగలరు? చిన్న ఊరి హత్యకథలో అసలు భయం మర్యాద తప్పలేకపోవడంలోనే ఉంది. ఈ కాలపు రచయితలు మాత్రం మర్యాదను కప్పులకూ కేకులకూ కుదించేశారు.

డిసెంబరు 31న ఆర్మ్‌స్ట్రాంగ్‌ను అరెస్టు చేసినప్పుడు జేబులో చిన్న పాషాణం పొట్లం దొరికింది. భార్య సమాధి తవ్వించి పరీక్ష చేయించారు. ఇరవై కలుపు మొక్కల కోసం ఇరవై పొట్లాలు కట్టానని కోర్టులో చెప్పగా, పొడిని నేరుగా మొక్కల మొదళ్లలో పోయకుండా ఈ పొట్లాలెందుకని జడ్జి డార్లింగే ఆయన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. భార్యను చంపిన నేరానికి 1922 మే 31న ఉరి తీశారు. ఆ తీర్పును నేటికీ తప్పుపట్టేవారున్నారు. అది వేరే చర్చ.

ఈ ఉదంతంలో భూమి బేరం, కలుపు, మందు, కొట్టు పుస్తకం లేకపోతే హత్యా లేదు, దొరకడమూ లేదు. ఇవేవీ లేని కథను ఏ కొండల్లో విడిదికైనా మార్చవచ్చు, మాట కూడా మారదు.

మా ఊళ్లో పురుగుమందుల కొట్టు ముందు ఒక బెంచీ ఉంటుంది. నిరుడు నిమ్మచెట్ల కోసం మందు డబ్బా ఒకటి, పక్కింటివారు తెమ్మన్నారని ఇంకొకటి తీసుకున్నాను. కొట్టాయన బిల్లు పుస్తకం మీద పెన్ను ఆపి, “మీకున్నది అరెకరమే కదండీ, రెండెందుకు?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, బెంచీ మీద కూర్చున్న ఇద్దరూ పేపరు మడిచి నా వైపు తిరిగారు.